సెటప్ మళ్ళీ మళ్ళీ ఎందుకు అడుగుతుంది?

మీ బడిలో కంప్యూటరు గది ఉంటే ఈ తమాషా మీరు చూసే ఉంటారు. ఒక ప్రోగ్రాము తెరవబోతారు. అది వెంటనే తెరుచుకోదు. ముందు ఒక చిన్న కిటికీ వచ్చి, కాస్త ఆగమంటుంది. మెల్లగా ఒక పట్టీ నిండుతుంది. లేకపోతే మీ పేరేమిటి, ఏ భాష కావాలి, షరతులకు ఒప్పుకుంటారా అని ప్రశ్నలు వేస్తుంది. ఓపికగా అన్నిటికీ జవాబు చెప్పి పని చేసుకుంటారు. మరునాడు వచ్చి తెరిస్తే మళ్ళీ అదే కిటికీ, అవే ప్రశ్నలు! అదే యంత్రం మీద, అదే ప్రోగ్రామును మీ టీచరుగారు తన ఖాతాలో తెరిస్తే మాత్రం గప్‌చుప్‌గా తెరుచుకుంటుంది.

దీన్ని చూసి చాలామంది వైరస్ పట్టిందని తేల్చేస్తారు. ప్రోగ్రామును తీసేసి మళ్ళీ ఎక్కిస్తారు. అయినా ఫలితం ఉండదు. ఎందుకంటే పాడైనదేమీ లేదు. మీరు చెప్పిన జవాబులన్నీ కంప్యూటరు విన్నది. కానీ రాసుకోలేకపోయింది!

అదెలాగో చూద్దాం. ప్రోగ్రామును మూసేయగానే దాని తాత్కాలిక జ్ఞాపకమంతా చెరిగిపోతుంది. కాబట్టి "సెటప్ అయిపోయింది" అనే ముక్కను అది డిస్కు మీద ఎక్కడో ఒకచోట రాసి పెట్టుకోవాలి. ఈసారి తెరిచినప్పుడు ముందుగా ఆ చీటీ కోసం వెతుకుతుంది. చీటీ ఉంటే సరే. లేకపోతే, పాపం, ఇదే మొదటిసారి అనుకుంటుంది.

విండోస్‌లో ఇలాంటి చీటీలు దాచుకునే పెద్ద పుస్తకం పేరు రిజిస్ట్రీ. అందులో మనకు కావలసినవి రెండు భాగాలు. 'లోకల్ మెషీన్' అనేది యంత్రాన్ని వాడే అందరికీ ఉమ్మడి. 'కరెంట్ యూజర్' అనేది ఎవరిది వారికే. ఫోల్డర్లూ అంతే. 'ప్రోగ్రామ్ ఫైల్స్' ఉమ్మడిది. 'యాప్‌డేటా' ఎవరికి వారిది. హెడ్మాస్టరుగారి గదిలోని రిజిస్టరుకూ, మీ సంచిలోని నోటుపుస్తకానికీ ఉన్న తేడాయే ఇది. మామూలు ఖాతాదారు ఉమ్మడి భాగాన్ని చదవవచ్చు గాని అందులో రాయలేడు. రాసే అధికారం అడ్మినిస్ట్రేటర్ ఖాతాకే ఉంటుంది. 2001లో వచ్చిన విండోస్ ఎక్స్‌పీ ఈ మామూలు ఖాతాను 'లిమిటెడ్' అన్నది. ఇప్పుడు 'స్టాండర్డ్' అంటున్నారు.

ఈ కట్టుబాటు ఎందుకు? ఎవరికైనా, ఏ ప్రోగ్రాముకైనా తన పనికి సరిపడినంత అధికారమే ఉండాలి, అంతకు మించి అక్కర్లేదు అని 1975లోనే సాల్ట్‌జర్, ష్రోడర్ అనే ఇద్దరు అమెరికన్ శాస్త్రజ్ఞులు రాశారు. కానీ విండోస్ 95, 98 రోజుల్లో ఇంటి కంప్యూటర్లలో ఈ నియమం లేదు. ఎవరైనా ఎక్కడైనా రాయవచ్చు. ఆ కాలపు ప్రోగ్రాములు తమ చీటీలను 'ప్రోగ్రామ్ ఫైల్స్'లోనే పడేయడం అలవాటు చేసుకున్నాయి. తరవాత తలుపుకు తాళం పడింది. రాయబోతే "అనుమతి లేదు" అని జవాబు వస్తుంది. బుద్ధిగల ప్రోగ్రాము ఆ మాట మీతో చెబుతుంది. నిర్లక్ష్యంగా రాసినది ఆ జవాబును దిగమింగి ఊరుకుంటుంది. మరునాడు మళ్ళీ మొదటికి వస్తుంది! విండోస్ విస్టా నుంచి ఇందుకొక ఉపాయం చేశారు. ప్రోగ్రాము ఉమ్మడి చోట రాస్తున్నాననుకుంటుంది. విండోస్ ఆ చీటీని చడీచప్పుడు లేకుండా మీ సొంత భాగంలోని 'వర్చువల్ స్టోర్'లోకి మళ్ళిస్తుంది. అయితే ఇది పాత 32 బిట్ ప్రోగ్రాములకే పనికొస్తుంది.

ఇందుకు తలకిందులైన జబ్బు మరొకటి ఉంది. మైక్రోసాఫ్ట్ 1999లో ఆఫీస్ 2000తో పాటు 'విండోస్ ఇన్‌స్టాలర్' అనే సాధనాన్ని తెచ్చింది. కొన్ని ప్రోగ్రాముల బొమ్మ మీద మీరు నొక్కగానే ఇది వాటి భాగాలన్నీ చోట్లలో ఉన్నాయా అని గుర్తులు చూస్తుంది. ఒక్కటి లేకపోయినా మరమ్మతు మొదలుపెడుతుంది. మంచి ఏర్పాటే. కానీ ప్రోగ్రామును ఎక్కించినది టీచరుగారు కదా! కొన్ని గుర్తులు ఆయన సొంత పుస్తకంలో పడి ఉంటాయి. మీ పుస్తకంలో చూస్తే ఖాళీ! మరమ్మతు ఒకసారి పూర్తయితే గొడవ లేదు. పూర్తి కాకపోతేనే రోజూ అదే తంతు. 2025 ఆగస్టులో ఒక భద్రతాలోపాన్ని పూడ్చడానికి విండోస్ ఈ మరమ్మతులకు అడ్మినిస్ట్రేటర్ పాస్‌వర్డు అడగడం మొదలుపెట్టింది. దాంతో ఆటోక్యాడ్ వంటివి మామూలు ఖాతాల్లో హఠాత్తుగా పాస్‌వర్డు అడిగాయి. ఆఫీస్ 2010 అయితే కొన్నిచోట్ల అసలు మొరాయించింది. సెప్టెంబరులో ఆ పట్టు కొంత సడలించారు.

సరే, మరి మందేమిటి? సాధారణంగా జరిగేది ఇది. మీరు పిలుస్తారు. టీచరుగారు వచ్చి తన పాస్‌వర్డు కొట్టి సెటప్ పూర్తి చేస్తారు. మరునాడు మళ్ళీ కిటికీ! ఎందుకో ఊహించగలరా? ఎవరి పాస్‌వర్డు కొట్టారో, ఆ ప్రోగ్రాము వారి మనిషిగా నడుస్తుంది. కూర్చున్నది మీ కుర్చీలోనే గాని, చీటీ పడింది మాత్రం టీచరుగారి పుస్తకంలో! వందసార్లు కొట్టినా ఇంతే. విసుగెత్తి చివరికి పిల్లల ఖాతాలన్నిటికీ అడ్మినిస్ట్రేటర్ అధికారం ఇచ్చేస్తారు. కిటికీ రావడం ఆగుతుంది, నిజమే. కానీ ఆ తరవాత ఎవరో పెన్‌డ్రైవులో తెచ్చిన ఆటకు కూడా అదే అధికారం దక్కుతుంది. అందులో దుష్ట ప్రోగ్రాము ఉంటే, తెచ్చినవాడి ఫైళ్ళతో ఆగదు. ఆ యంత్రం మీద దాచుకున్న పిల్లలందరి ప్రాజెక్టులూ తుడిచిపెట్టగలదు. కిటికీ బాధ తప్పించుకోవడానికి ఇంత మూల్యం ఎందుకు?

ముందు ఏ చీటీ దొరకలేదో కనిపెట్టాలి. విండోస్‌లో 'ఈవెంట్ వ్యూయర్' అనే దినచర్య పుస్తకం ఉంది. చూడటానికి మామూలు ఖాతా చాలు. 'విండోస్ లాగ్స్'లో 'అప్లికేషన్' తెరిచి, కిటికీ వచ్చిన సమయం దగ్గర 'ఎంఎస్ఐ ఇన్‌స్టాలర్' అనే పేరుతో 1001, 1004 నెంబర్ల హెచ్చరికలు ఉన్నాయేమో చూడండి. 1004లో తప్పిపోయిన వస్తువు చిరునామా సాధారణంగా పూర్తిగా ఉంటుంది. అది 'కరెంట్ యూజర్' అని మొదలైతే లోటు మీ పుస్తకంలోనిదే. మరమ్మతును మీ ఖాతాలోనే ఒకసారి చివరిదాకా సాగనివ్వాలి. చిరునామా ఉమ్మడి చోటుదైతే అడ్మినిస్ట్రేటర్ ఆ ప్రోగ్రామును బాగుచేయాలి, లేదా తీసేసి 'అందరికీ' అనే ఎంపికతో తిరిగి ఎక్కించాలి.

హెచ్చరికలేమీ లేకపోతే అడుగుతున్నది ప్రోగ్రామే. అప్పుడొక చిన్న ప్రయోగం. టీచరుగారిచేత కొత్త మామూలు ఖాతా ఒకటి తెరిపించండి. అందులో సెటప్ పూర్తి చేసి, మూసి, మళ్ళీ తెరవండి. అడగకపోతే మీ పాత ఖాతాలోనే ఏదో చెడింది. అక్కడా అడిగితే ప్రోగ్రాము ఉమ్మడి చోట రాయాలని చూస్తోందన్నమాట. కొత్త తరహా ప్రోగ్రాము దొరికితే అదే మేలు. దొరకనప్పుడు, అది చీటీ రాసే ఆ ఒక్క ఫోల్డరుకు మాత్రం అడ్మినిస్ట్రేటర్ రాసే అనుమతి ఇవ్వవచ్చు. ప్రోగ్రాము తాలూకు అసలు ఫైళ్ళున్న ఫోల్డరుకు ఇవ్వకూడదు. ఇస్తే ఎవరైనా ఆ ప్రోగ్రామునే మార్చేసి మరొకటి పెట్టగలరు.

ఇంకొక్క సంగతి. కొన్ని బడుల్లో కంప్యూటరు ఆపి మళ్ళీ వేయగానే అంతా పాత స్థితికి వచ్చేలా ఏర్పాటు చేస్తారు. అక్కడ చీటీ సరిగానే పడుతుంది గాని, రాత్రికి రాత్రి చెరిగిపోతుంది. ఇది పసిగట్టడం తేలిక. మీ ఖాతాలో ఒక చిన్న ఫైలు దాచి, యంత్రాన్ని ఆపి, తిరిగి వేసి చూడండి. ఫైలు కూడా మాయమైతే ప్రోగ్రామును తిట్టి లాభం లేదు. ఆ ఏర్పాటును తాత్కాలికంగా నిలిపి, మీ ఖాతాలో సెటప్ పూర్తి చేయించి, అప్పుడు తిరిగి అమర్చమని టీచరుగారిని అడగండి. అడిగేటప్పుడు హెచ్చరిక నెంబరు, చిరునామా, కిటికీ వచ్చిన సమయం ఒక కాగితం మీద రాసి తీసుకెళ్ళండి.