మీకు తెలుసా? చిన్న ఇంటెగ్రాకూ, పెద్ద కార్వెట్‌కూ వాల్వులు సమానమే!

1997లో అమెరికా షోరూముల్లోకి రెండు కొత్త కార్లు వచ్చాయి. ఒకటి జపాన్‌లోని సుజుకాలో తయారై, అమెరికాలో అక్యూరా బ్రాండ్‌తో అమ్ముడైన హోండా ఇంటెగ్రా టైప్ ఆర్. రెండోది కెంటకీ రాష్ట్రంలోని బౌలింగ్ గ్రీన్‌లో తయారైన ఐదో తరం షెవర్లే కార్వెట్. ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి చూస్తే బోలెడు విశేషాలు!

● ఇంటెగ్రా ఇంజిన్ 1.8 లీటర్లు, 195 హార్స్‌పవర్. కార్వెట్‌ది 5.7 లీటర్లు, 345 హార్స్‌పవర్. లీటరుకు ఎంత అని చూస్తే ఇంటెగ్రాకు 108, కార్వెట్‌కు 61 మాత్రమే.

● బరువు దగ్గరికొచ్చేసరికి లెక్క తిరగబడుతుంది. ఇంటెగ్రా సుమారు 1,180 కిలోలు, కార్వెట్ సుమారు 1,460. టన్నుకు ఇంటెగ్రాకు దక్కేది 165 హార్స్‌పవర్, కార్వెట్‌కు 236. ఇంజిన్ మూడింతలున్నా కార్వెట్ బరువు ఎక్కువైంది పావువంతే!

● ఆ తేలికదనానికి కార్వెట్‌లో చాలా చేశారు. ఇంజిన్ బ్లాకు అల్యూమినియం, బాడీ ఫైబర్‌గ్లాస్ తరహా మిశ్రమం. కాళ్ల కింద ఫ్లోరు పొరల మధ్య ఉన్నది బాల్సా చెక్క!

● ఇంటెగ్రాకు సిలిండర్లు 4, ఒక్కోదానికి 4 వాల్వులు. కార్వెట్‌కు సిలిండర్లు 8, ఒక్కోదానికి 2 వాల్వులు. ఎటు చూసినా 16. ఇంటెగ్రాలో వాల్వులను తెరిచే కామ్‌షాఫ్టులు రెండు, అవి వాల్వుల పైనే ఉంటాయి. కార్వెట్‌లో ఉన్నది ఒక్కటే, అదీ బ్లాకు లోపల. అందుకే అంత పెద్ద వీ8 కూడా పొట్టిగా ఉండి, ఎత్తు తక్కువ బానెట్ కింద ఇమిడిపోయింది.

● ఇంటెగ్రా పూర్తి శక్తి 8,000 ఆర్‌పీఎం దగ్గర బయటికొస్తుంది. అక్కడి దాకా ఊపిరాడటానికి హోండా వాడింది వీటెక్ అనే ఏర్పాటు. ఇంజిన్ వేగం పెరిగాక అది ఆయిల్ ఒత్తిడితో వాల్వులను మరో కామ్ అంచుకు అప్పగిస్తుంది. పైగా గాలి వెళ్లే దారులను చేత్తో నున్నగా సానపట్టారు. కార్వెట్‌కు 5,600 ఆర్‌పీఎం చాలు.

● మాన్యువల్ గేర్ల కార్వెట్‌ను నెమ్మదిగా నడిపితే ఒకటో గేరు నుంచి రెండుకు వెళ్లనివ్వకుండా నేరుగా నాలుగుకు పంపుతుంది! అధికారిక మైలేజీ పరీక్షలో మంచి మార్కులు తెచ్చుకుని, అమెరికా పెట్రోల్ దుబారా పన్నును తప్పించుకునే ఉపాయమిది.

● జపాన్‌లో రోడ్డు పన్ను ఇంజిన్ సైజును బట్టి పెరుగుతుంది. ఇంజిన్ 2 లీటర్లు దాటినా, వెడల్పు 1.7 మీటర్లు దాటినా నంబర్ ప్లేటు తరగతి మారిపోతుంది. అక్కడ అమ్మిన ఇంటెగ్రా టైప్ ఆర్ వెడల్పు 1,695 మిల్లీమీటర్లు. హద్దుకు అయిదే అయిదు మిల్లీమీటర్లు ఇవతల!

● 1953లో వచ్చిన తొలి 300 కార్వెట్లూ తెల్లవే. 1997లో అమెరికాలో అమ్మిన ఇంటెగ్రా టైప్ ఆర్‌లూ అన్నీ తెల్లవే. 1965లో మెక్సికోలో హోండాకు తొలి ఫార్ములా వన్ విజయం తెచ్చిన కారు రంగది.

సూటి రోడ్డు మీద కార్వెట్‌దే పైచేయి, అందులో సందేహం లేదు. చిన్న ఇంజిన్ నుంచి ప్రతి చుక్కా పిండడంలో ఇంటెగ్రాకు తిరుగులేదు. ఈసారి ఏ కారు ప్రకటన చూసినా హార్స్‌పవర్ దగ్గరే ఆగిపోకండి. దాన్ని కారు బరువుతో భాగించి చూడండి, అసలు సత్తా తెలుస్తుంది.