తిరిగివచ్చిన పరిశోధన వ్యాసం

మొవ్వ పరిసర గ్రామాల బావినీటిలో ఉప్పదనం ఏ నెలలో ఎంత పెరుగుతున్నదో ఒక పరిశోధకుడు రెండేళ్ళపాటు కొలిచాడనుకొందాము. కాలువలు పారే రోజులలోనూ, వేసవిలో కాలువలు కట్టివేసినప్పుడూ నీటిని సీసాలలో పట్టి, దాని విద్యుద్వాహకతను పరీక్షించాడు. నీటిలో లవణాలు హెచ్చిన కొద్దీ విద్యుత్తు సులభంగా ప్రవహిస్తుంది కదా! ఎప్పుడు ఏ బావినీరు త్రాగరాదో ఊరివారికి చెప్పగల అంకెలు అవి. వాటిని వ్యాసంగా వ్రాసి ఒక శాస్త్ర పత్రికకు పంపాడు. కొన్ని నెలలకు “ప్రచురణకు స్వీకరించలేము” అని జవాబు వచ్చింది. ఇప్పుడు అతడేమి చేయాలి?

సంపాదకుడు వ్యాసాన్ని ఆ విషయంలో నిపుణులైన ఇద్దరు ముగ్గురికి పంపి అభిప్రాయం అడుగుతాడు. వీరిని సమీక్షకులంటారు. వీరి పేర్లు సాధారణంగా రచయితకు తెలియనివ్వరు. నిర్ణయం మాత్రం సంపాదకునిదే. దానిని పునర్విచారించమని కోరవలసినదీ ఆయననే.

అయితే ప్రతి తిరస్కృతికీ ఈ మార్గం పనికిరాదు. “మా పరిధిలోనిది కాదు”, “చోటు లేదు” అన్నప్పుడు వాదించి లాభం లేదు. 1937లో హాన్స్ క్రెబ్స్ సిట్రిక్ ఆమ్ల చక్రాన్ని గురించి పంపిన లేఖను, చేతిలో ఉన్న లేఖలే కొన్ని వారాలకు సరిపోతాయని ‘నేచర్’ పత్రిక తిప్పి పంపింది. ఆయన ‘ఎంజైమొలోజియా’ అనే వేరొక పత్రికలో ఆ ఏడే ప్రచురించుకొన్నారు. ఆ పరిశోధనే ఆయనకు 1953లో నోబెల్ బహుమానం తెచ్చింది.

మన పరిశోధకుని సంగతి వేరు. “వేసవి కొలతలు లేవు” అని సమీక్షకుడు వ్రాశాడు. అవి మూడవ పట్టికలో ఉన్నవి! పునర్విచారణ కోరవలసినది ఇటువంటి పొరపాటు జరిగినప్పుడే. సమీక్షకుని వాక్యాన్ని ఉన్నదున్నట్లు ఉదహరించి, దాని క్రిందనే పుట, పట్టిక చూపితే చాలును. కోపతాపాలకు, పడిన శ్రమ వర్ణనకు ఆ లేఖలో తావు లేదు. నిజంగానే వేసవిలో కొలవక పోతే మాత్రం లేఖ వ్రాయడం కన్న సీసాలు తీసుకొని బావుల వద్దకు వెళ్ళడమే మేలు.

సుబ్రహ్మణ్యన్ చంద్రశేఖర్ 1930లో శ్వేత కుబ్జ తారల గరిష్ఠ ద్రవ్యరాశిపై ‘ఆస్ట్రోఫిజికల్ జర్నల్’కు పంపిన చిన్న వ్యాసంలోని ఒక సూత్రాన్ని సమీక్షకుడు శంకించారు. అది తిరస్కృతి కాదు గాని, సమాధానమిచ్చిన తీరు గమనింపదగినది. ఆయన ఆ సూత్రాన్ని మొదటి నుండి సాధించి పంపారు. 1931లో వ్యాసం అచ్చయింది. 1952 నుండి 1971 వరకు ఆ పత్రికకు ఆయనే సంపాదకుడు!

పునర్విచారణ సాగుతుండగా అదే వ్యాసాన్ని మరొక పత్రికకు పంపరాదు. సంపాదకుడు కొత్త సమీక్షకుని అడగవచ్చును. అందుకు మరికొన్ని నెలలు పట్టవచ్చును, అప్పటికీ నిర్ణయం మారకపోవచ్చును. ఆ పైన వేరే పత్రిక చూసుకొనవలసినదే. ఆ పంపేటప్పుడు మూడవ పట్టికను మొదటి పుటలోకి తెస్తే సరి.