చలికాలపు పెరటికి పండ్ల శోభ

కార్తీకమాసం ప్రవేశించేసరికి మన పెరళ్ళలో పూల సందడి తగ్గుముఖం పడుతుంది. మల్లె విరగబూసిన రోజులు ఎప్పుడో గడిచినవి. చేమంతి ఇంకా మొగ్గ మీద ఉన్నది. ఈ నడిమి కాలంలోను, ఆ తరువాత మాఘం దాకా సాగే చలి దినాలలోను తోటకు రంగునిచ్చే పొదలు కొన్ని ఉన్నవి. అవి పూలకంటె పండ్లతో ఎక్కువగా శోభిస్తవి. వాటిని ఎట్లా ఎన్నుకోవలె, ఎక్కడ నాటవలె, ముఖ్యంగా వాటిమీద కత్తెర ఎప్పుడు వేయవలె అన్నదే ఈ ప్రసంగ విషయం.

శీతల దేశాలలో ఈ విద్య బాగా పెరిగింది. అక్కడ శరత్తు ముగిసేసరికి చాలా చెట్లు ఆకు రాల్చి మోడులై నిలుస్తవి. అప్పుడు ఇంగ్లండు తోటలలో హాలీ పొద ఎర్రని పండ్లతో మంచులోనూ మెరుస్తుంది. పైరకాంతా, కొటోనియాస్టర్ అనే పొదలు కూడా ఈ కోవకు చెందినవే. వీటిలో కొన్ని జాతులకు మన హిమాలయ సానువులే పుట్టిల్లు. బొమ్మలలో చూచి ముచ్చటపడి ఇట్టి మొక్కలను తెప్పించుకొనేవారున్నారు. కాని చలికి ఓర్చడం వాటి గుణం. మన రోహిణీకార్తె ఎండకు ఓర్చడం కాదు. మన మైదానాలలో మొండి మొక్క అంటే వేసవిని దాటగల మొక్క. ఆ పరీక్షకు నిలిచే పొదలు వేరు.

ఇంతకూ పండుకు ఈ రంగు ఎందుకు? కాయ పచ్చగా ఉన్నంతకాలం ఆకులలో కలిసిపోతుంది. లోపలి విత్తనం ముదిరేవరకు ఎవరి కంటా పడకుండా ఉండడమే దానికి క్షేమం. విత్తనం ముదిరిన పిమ్మట తోలులోని పత్రహరితం క్షీణించి, పసుపు, నారింజ, ఎరుపు వన్నెలు బయటపడతవి. పచ్చని ఆకుల నడుమ ఆ వన్నెలను పక్షి దూరం నుంచే గుర్తిస్తుంది. పికిలిపిట్ట పండును మింగి, మరొకచోట వాలి విత్తనాన్ని విడుస్తుంది. మన కంటికి అలంకారమైనది నిజానికి పిట్టకు పంపిన పిలుపు. కనుక పండ్ల పొదలు పెంచేవారు పిట్టలమీద కోపగించరాదు. పొద ఒకటికి రెండు వేసుకుంటే వాటి పాలు వాటికి పోను మన పాలు మనకు మిగులుతుంది.

మన ప్రాంతంలో ఈ పనికి మొదట చెప్పుకోదగినది డ్యూరాంటా. మెక్సికో, వెస్టిండీస్ మొదలు దక్షిణ అమెరికా దాకా దాని జన్మభూమి. 16వ శతాబ్దికి చెందిన ఇటలీ వైద్యుడు, వృక్షశాస్త్రజ్ఞుడు కాస్తోరె దురాంతే పేరు దానికి నిలిచింది. లిన్నేయస్ 1753లో ఈ మొక్కను తన గ్రంథంలో చేర్చాడు. దాని కొమ్మలు కొనలు వంగి వేలాడుతవి. ఆ కొనలలో లేత ఊదా రంగు పూలు గుత్తులుగా వస్తవి. అవి రాలిన తరువాత బఠానీ గింజంత పండ్లు దండగుచ్చినట్లు దిగుతవి. పండినప్పుడు వాటిది మేలిమి బంగారు వన్నె.

ఈ పొదతో నాకు కలిగిన అనుభవం ఒకటి చెప్పవలె. మా ఇంటి ముందు డ్యూరాంటా కంచె నాటి మూడేళ్ళు గడిచినా ఒక్క పండు కానరాలేదు. బలం చాలలేదనుకొని పశువుల ఎరువు మరికొంత వేయించాను. ఆకు దట్టమైనదే కాని ప్రయోజనం లేకపోయింది. నాలుగో ఏట తోటమాలి సొంత పనులమీద ఊరికి వెళ్ళి వానకాలమంతా రాలేదు. కంచె ఇష్టం వచ్చినట్లు పెరిగి, చూచినవారు నన్ను ఆక్షేపించే స్థితికి వచ్చింది. ఆ కార్తీకంలో దానినిండా బంగారు గుత్తులు! లోపం మట్టిలో లేదు, ఎరువులో లేదు. పదిహేను రోజులకొకసారి నేను వేయించిన కత్తెరలో ఉన్నది.

కారణం తేలికైనదే. డ్యూరాంటా కొత్త చిగురు కొనలలో పూస్తుంది. కంచె నున్నగా గోడవలె ఉండవలెనని మనం కత్తిరించేది ఆ కొనలనే. పూత పోయిన తరువాత పండు ఎక్కడిది? ఈనాడు పట్టణాలలో రహదారుల నడుమ, ఉద్యానవనాలలో పసుపుపచ్చ ఆకుల డ్యూరాంటా బారులు బారులుగా కనిపిస్తుంది. నిత్యం కత్తెర పడుతుండడం వల్ల అది పూస్తుందని, కాస్తుందని కూడా చాలామంది ఎరుగరు.

కాబట్టి కత్తెరకు ఒక కాలనియమం పెట్టుకోవలె. మాఘం వెళ్ళి పండ్లు రాలిన పిమ్మట, ఫాల్గుణంలో పొదను మూడో వంతు వరకు కోయవచ్చును. వేసవిలో నీరు తగులుతూ ఉంటే కొత్త కొమ్మలు బయలుదేరుతవి. జ్యేష్ఠంలో మరీ పొడవు సాగిన వాటి తలలు తుంచి, ఆషాఢం నుంచి కత్తెర మానవలె. కంచె నున్నగానే ఉండవలెననుకొనేవారు ఇంకొక ఉపాయం చేయవచ్చును. వీధి వైపు కత్తిరించి, మూలలలో రెండు మూడు పొదలను విడిగా పెరగనిస్తే రెండు కోరికలూ తీరుతవి.

నాటే పద్ధతి కష్టమైనది కాదు. తొలకరిలో పెన్సిలు లావు కొమ్మలను జానెడు ముక్కలుగా కోసి, ఇసుక కలిసిన మట్టిలో రెండు కణుపులు మునిగేటట్లు గుచ్చవలె. నీడన ఉంచి తడి ఆరకుండా చూస్తే నెల, నెలన్నరలో వేళ్ళు పోస్తవి. అడుగున్నర లోతు గుంట, అందులో మాగిన పశువుల ఎరువు చాలును. కంచెకైతే రెండడుగుల ఎడం, పండ్ల కొరకైతే ఐదారడుగుల ఎడం ఉంచవలె. రోజుకు ఆరు గంటల ఎండ తగలని చోట పూత పలచబడుతుంది. ఎరువు మితిమీరితే ఆకు పెరుగుతుంది, పూత తగ్గుతుంది.

ఇక అన్నిటికంటె ముఖ్యమైన హెచ్చరిక. డ్యూరాంటా పండు మనుష్యులకు విషం. పక్షులు తింటున్నవి గదా అని పిల్లలు నోట వేసుకోవచ్చును. పిట్టకు పడినది బిడ్డకు పడదు. వాంతులు, జ్వరం, మగత, ఒక్కొక్కప్పుడు మూర్ఛ కూడా రావచ్చును. కుక్కలకూ పిల్లులకూ ఇది హానికరమే. పిల్లవాడు తిన్నట్లు తెలిసిన వెంటనే, లక్షణాల కొరకు వేచి ఉండక, ఆ కొమ్మ ఒకటి తుంచి వెంట తీసుకొని వైద్యుని వద్దకు వెళ్ళవలె. పసిపిల్లలు తిరుగాడే ఇంట ఈ పొదను నాటకపోవడమే ఉత్తమం.

అట్టి ఇంటివారు నిరాశపడనక్కరలేదు. మన సొంత వాక పొద ఉన్నది. నీరు తక్కువైనా, నేల రాతిదైనా అది బ్రతుకుతుంది. దాని ముళ్ళు పశువులను ఆపుతవి. కాయలు ఆషాఢం నుంచి భాద్రపదం దాకా పచ్చన, గులాబి, ఎరుపు, చివరకు నలుపు తిరిగిన ఊదా వన్నెలు దాలుస్తవి. చలికాలం దాకా నిలవకపోయినా, వానలు వెనుకబట్టే వేళకు తోటకు రంగు, వంటింటికి వాక్కాయ పప్పు, పచ్చడి సమకూరుస్తవి. విత్తనాన్ని మాత్రం పండునుంచి తీసిన వెంటనే నాటవలె. నిలవ ఉంచితే మొలకశక్తి త్వరగా పోతుంది.

నాగగొలుగు కూడా అందమైనదే. తెల్లని పరిమళపు పూల తరువాత ఎర్రని చిన్న పండ్లు కాస్తుంది. అయితే నిమ్మ, బత్తాయి తోటలకు దగ్గరగా దీనిని వేయరాదు. ఆ తోటలను పాడుచేసే పచ్చతెగులును మోసే చిన్న పురుగు నాగగొలుగు చిగుళ్ళమీద కూడా పెరుగుతుంది. పులికంప అని మనం పిలిచే లాంటానాను అసలే పెంచవద్దు. 19వ శతాబ్ది ఆరంభంలో అలంకారం కొరకు కలకత్తా వృక్షోద్యానానికి తెచ్చిన ఆ పొద, పిట్టలు విత్తనం చల్లగా దేశమంతటా అడవులను ఆక్రమించింది. డ్యూరాంటా సైతం ఆస్ట్రేలియాలో కొన్నిచోట్ల ఇట్లాగే కలుపు మొక్క అయినది. కనుక దాని కింద పడి మొలిచిన నారును ఏటేటా పీకివేయడం మన విధి.

ఇంటిలో పసిపిల్లలుంటే వాక, లేకుంటే డ్యూరాంటా. ఏది నాటినా ఎండ తగిలే చోటు చూచుకోవలె. ఇప్పటికే పండెరుగని డ్యూరాంటా కంచె ఉన్నవారు కొత్త మొక్క కొననక్కరలేదు, ఎరువు వేయనక్కరలేదు. వచ్చే ఆషాఢంలో కత్తెరను అటక మీద పెట్టి, కార్తీకం దాకా దించకుండా ఉంటే చాలును.