పాత గొలుసురంపముల మరమ్మతు

డొంకూరు మొదలుకొని కవిటి, సోంపేట, మందస, వజ్రపుకొత్తూరు వరకు తీరము వెంట వ్యాపించిన మన ఉద్దానసీమకు కొబ్బరి, జీడిమామిడి, పనస, సరుగుడు చెట్లే సిరిసంపదలు. 2018వ సంవత్సరము అక్టోబరు 11వ తేది వేకువను తిత్లీ తుపాను పలాస చేరువను తీరము దాటినపుడు గాలి గంటకు 140 మొదలు 150 కిలోమీటర్ల వేగముతో వీచి, ఒక్కొక్క విసురున 165 కిలోమీటర్లకు హెచ్చెను. తెల్లవారుసరికి తోటలు నేలకొరిగినవి, బాటలు మూతపడినవి. నీరు, వెలుగు, వైద్యము ఏది రావలెనన్నను ముందు అడ్డముగా పడిన మ్రానులను కోసి తొలగింపవలసి వచ్చెను. ఆనాడు గొలుసురంపముయొక్క విలువ చిన్నపెద్దలకందరికిని తెలిసివచ్చినది.

ఆ దినమున మేము మూలనున్న పాతరంపమును వెలికి దీసి త్రాడు లాగితిమి. ఎంత లాగినను అది పలుకలేదు. తుదకు త్రాడే తెగినది. వీధి కడ్డముగానున్న చెట్టును గొడ్డళ్లతో నరుకుటకు రెండు దినములు పట్టెను. తరువాత నెరిగినవాడొకడు దానిని విప్పి చూడగా, కార్బురేటరులోని పలుచని పొర యొకటి ఎండి బిరుసెక్కియుండెను. దానిని మార్చిన వెంటనే రంపము నడచినది. ఇనుము చెడలేదు, మా అశ్రద్ధయే దానిని చెరిచినది. ఈ వ్యాసము వ్రాయుటకు అదియే కారణము.

గొలుసురంపము మిక్కిలి పురాతనమైనది కాదు. పూర్వము పెద్ద దూలములను కోయుటకు ఒకడు మ్రానుపైనను, ఒకడు క్రింది గోతిలోను నిలిచి పొడవైన రంపమును లాగెడివారు. 1926లో జర్మనీ దేశమున ఆంద్రియాస్ ష్టీల్ అను ఇంజనీరు విద్యుచ్ఛక్తితో నడచు గొలుసురంపమును, 1929లో పెట్రోలుతో నడచు దానిని నిర్మించెను. అవి ఇరువురు పట్టి నడుపవలసినంత బరువైనవి. అమెరికాలో జో కాక్స్ అను కట్టెల కోతగాడు 1946లో మొద్దులోని యొక పురుగు కొయ్యను అడ్డముగను నిలువుగను అవలీలగా తొలుచుట చూచి, దాని దవడల పోలికగా గొలుసు పండ్లను చేసెను. నేటి రంపములలో ఎక్కువ వాటి గొలుసు ఆ వంశమునకు చెందినదే. కొబ్బరిమొవ్వును తొలుచు కొమ్ముపురుగును మనమందరము తిట్టుచుందుము. పురుగు నుండియు పాఠము నేర్చినవాడు కలడని తెలిసికొనుట మేలు.

ఇక మరమ్మతు సంగతి. ఈ యంత్రము పాత స్కూటరువలె టూస్ట్రోకు యంత్రము. దీనికి గాలి, పెట్రోలు, నిప్పురవ్వ, సిలిండరులో బిగువు అను నాలుగును కావలెను. రంపము నడవనప్పుడు కనబడిన మరలనెల్ల విప్పక, ఈ నాలుగింటిని వరుసగా పరీక్షింపవలెను.

మొదట ఎయిరు ఫిల్టరును తీసి రంపపుపొట్టును దులిపి కడుగవలెను. రెండవది ప్లగ్గు. దానిని ఊడదీసి, కొనల నడుమ అర మిల్లీమీటరు ఎడముండునట్లు సరిచేసి, ఒడలిని సిలిండరుకు ఆనించి, పెట్రోలు ఒలికిన చోటికి దూరముగా త్రాడు లాగిచూడవలెను. నీలిరవ్వ కానరానిచో, పాతరంపములలో పాయింట్లు మకిలి పట్టియుండవచ్చును. వాటిని తుడిచి, 0.4 మిల్లీమీటరు ఎడముంచినచో పెక్కుమార్లు రవ్వ తిరిగి వచ్చును.

మూడవది బిగువు. ప్లగ్గు బిగించి, మీట ఆపివేసి, రంపమును స్టార్టరు త్రాడు పిడితో పైకెత్తి పట్టుకొనవలెను. అది ఆగి యాగి మెల్లగా దిగినచో బిగువున్నదనియు, జఱ్ఱున జారినచో లేదనియు తెలియును. సైలెన్సరును విప్పి ఆ రంధ్రమునుండి చూచినచో పిస్టను కానవచ్చును. దానిపై నిలువుగీతలు లోతుగా పడియున్నచో యంత్రము ఒకప్పుడు నూనె చాలక పట్టివేసినదని గ్రహింపవలెను. నునుపుగానున్నచో ఆ రంపమునకు ఆయువు మిగిలియున్నది.

నాలుగవది పెట్రోలు. పాతరంపములు చెడుటకు ముఖ్యకారణము ఇదియే. కార్బురేటరులో తేలుబుడ్డికి బదులు రబ్బరుపొర యుండుటచేతనే రంపము తలక్రిందుగా పట్టినను నడచును. ఆ పొరయు, గొట్టములును కాలక్రమమున బిరుసెక్కును. మన దేశమున 2023 ఫిబ్రవరినుండి 20 శాతము ఎథనాలు కలిసిన పెట్రోలు అమ్మకమునకు వచ్చినది. ఎథనాలు గాలిలోని తేమను పీల్చును. పూర్వకాలపు రబ్బరును చెరుచును. కావున పని ముగియగానే ట్యాంకును ఒంచివేసి, యంత్రము తానై ఆగువరకు నడిపి దాచవలెను. పొరలు, గొట్టములు వెలగలవి కావు. గాస్కెట్టును తగిన కాగితపు రేకునుండి కత్తిరించుకొనవచ్చును. బేరింగులపై చెక్కిన సంఖ్యను చూపినచో బేరింగుల అంగడిలో జత దొరకవచ్చును.

నూనె కలపుటలో లోభము పనికిరాదు. నేటి మంచి నూనె లీటరు పెట్రోలునకు 20 మిల్లీలీటర్లు చాలును. పాతరంపముల పుస్తకములలో 40 మిల్లీలీటర్లని యుండుట కలదు. సందేహము కలిగినచో హెచ్చు పోయుటయే క్షేమము. హెచ్చైనచో పొగ వచ్చును. తక్కువైనచో పిస్టను పోవును.

యంత్రము బాగుగానున్నను గొలుసు మొద్దువారినచో ప్రయోజనము లేదు. కోతలో పొరక రాలినచో గొలుసు పదునుగానున్నది. పిండి రాలినచో ఆకురాయి పట్టవలసియున్నది. మన తీరమున ఇసుకయే గొలుసునకు శత్రువు. పడిన మ్రానుకు అంటిన ఇసుకను దులిపిన పిమ్మటనే కోయవలెను. గొలుసును నేలకు తాకనీయరాదు. కొబ్బరిమ్రాను లోపల మెత్తన, వెలుపల గట్టిది. కావున పదును త్వరగా పోవును. పంటికి తగిన గుండ్రని ఆకురాయితో, అన్ని పండ్లకును ఒకే వాలున, ఒకే లెక్కగా రుద్దవలెను.

కొందరు పాతరంపమును తమ యిష్టానుసారము మార్చుదురు. అందు మేలైనవియు, కీడైనవియు కలవు. పాయింట్లకు బదులు చిన్న ఎలక్ట్రానికు పెట్టె నమర్చుట మేలు. కొబ్బరికి 18 అంగుళముల బద్ద చాలును. చిన్న యంత్రమునకు పొడవైన బద్ద తగిలించుట బక్కయెద్దుకు బరువుబండి కట్టినట్లగును. వేగము కొరకు సైలెన్సరును తొలిచి, పెట్రోలు మర బిగించుట మిక్కిలి కీడు. టూస్ట్రోకు యంత్రమునకు పెట్రోలుతోనే నూనెయు వచ్చును గదా! పెట్రోలు తగ్గినచో వేడి హెచ్చును, నూనెయు తగ్గును. రెండును కలిసి పిస్టనును మాడ్చును.

అన్నిటికంటె ముఖ్యమైనది ప్రాణరక్షణ. బద్ద కొనయొక్క పైభాగము కొయ్యకు తగిలినచో రంపము రెప్పపాటున కోయువాని ముఖముమీదికి ఎగిరివచ్చును. దీనిని నిలుపు గొలుసుబ్రేకు 1970ల తరువాతనే వ్యాపించినది. అంతకు పూర్వపు రంపములు ముచ్చటకు దాచుకొనదగినవే గాని తుపానుపనికి తగినవి కావు. బ్రేకున్న రంపమున దానిని ఊడదీయుట తన చేతిని తానే పందెమొడ్డుట. మరియు గాలికి వేళ్లతో లేచిన మ్రానును కోసినపుడు మొదలు గభాలున లేచి తన గోతిలోనే తిరిగి కూర్చుండును. ఆ గోతిలో పిల్లలు ఆడుకొనుచుండిరేమో ముందు చూడవలెను. విద్యార్థులు ఆకురాయి పట్టవచ్చును, ఫిల్టరు కడుగవచ్చును. నడచు రంపమును మాత్రము ముట్టరాదు.

మనకు గాలివానలు ఎక్కువగా అక్టోబరు, నవంబరు నెలలలో వచ్చును. 2013 అక్టోబరు 12వ తేదిని గోపాల్‌పూర్ చేరువను తీరము దాటిన ఫైలిన్ తుపానును పెద్దలు మరువలేదు. మబ్బు పట్టిన పిదప మరమ్మతు చేయువాని వాకిట గుంపు కూడుట వ్యర్థము. వేసవి సెలవులలోనే తల్లిదండ్రులు మూలనున్న రంపమును దింపి ఒకమారు పరీక్షింతురు గాక! పొరుగువాని గుమ్మమున కడ్డముగా పడిన మ్రానును తొలగించుట పరోపకారములలో చిన్నది కాదు. ఆ పనికి సిద్ధముగానున్న యొక పాతరంపము, పాడుపడియున్న పది క్రొత్త రంపములకంటె మేలు.