ఊరే ఖాళీ చేసిన చీరాల: సత్యాగ్రహం అంటే ఏమిటి?



సత్యాగ్రహం అంటే దెబ్బలు తిని ఊరుకోవడం అని పిల్లలు కొందరు అనుకుంటారు. ఊరుకోవడం వేరు, ఒప్పుకోకపోవడం వేరు. ఆ తేడా తెలియాలంటే చీరాల–పేరాల సంగతి చదవాలి.

అప్పటి మద్రాసు ప్రెసిడెన్సీలో, గుంటూరు జిల్లాలో ఉన్న ఈ రెండు ఊళ్ళనూ ప్రభుత్వం కలిపి మునిసిపాలిటీ చేసింది. ఏడాదికి 4,000 రూపాయలుండే పన్ను దాదాపు 40,000 అయింది. అక్కడ నేతపనివాళ్ళు, బీదవాళ్ళు ఎక్కువ. మునిసిపాలిటీ మాకొద్దని మొత్తుకున్నా వినేవాళ్ళు లేకపోయారు. దాంతో పన్ను కట్టడం మానేశారు. కట్టనివారిలో కొందరిని జైల్లో పెట్టారు. వారిలో ఒక స్త్రీ కూడా ఉన్నారు.

1921 ఏప్రిల్‌లో గాంధీజీ చీరాల వచ్చి రెండు దారులు చెప్పారు: పన్ను కట్టకుండా శిక్ష భరించడం, లేదా ఊరే ఖాళీ చేయడం. ఆంధ్రరత్న దుగ్గిరాల గోపాలకృష్ణయ్య నాయకత్వంలో జనం రెండో దారి పట్టారు. ఊరి హద్దు దాటితే ఆ పన్ను ఉండదు కదా! సుమారు 13 వేల మంది ఇళ్ళు వదిలి, హద్దు అవతల పాకలు వేసుకుని, ఆ చోటికి రామనగరం అని పేరు పెట్టుకున్నారు. ఎండకూ వానకూ ఓర్చి దాదాపు 11 నెలలు అక్కడే ఉన్నారు. గోపాలకృష్ణయ్య తయారుచేసిన 'రామదండు' సేవకులు వారికి అండగా నిలిచారు.

ఇందులో మూడు సూత్రాలున్నాయి. ఒకటి, అధికారం నడిచేది జనం సహకారంతోనే. జనమే లేని ఊళ్ళో పన్ను ఎవరి దగ్గర వసూలు చేస్తారు? రెండు, కష్టాన్ని ఎదుటివాడి మీద వేయకుండా తామే భరించాలి. మూడు, కట్టుబాటు. ఒక్కడు రాయి విసిరినా చాలు, లాఠీ ఎత్తడానికి సాకు దొరుకుతుంది.

మరి గెలిచారా? ఆ ఏడాదే గోపాలకృష్ణయ్యను మన బరంపురంలోనే అరెస్టు చేసి, ఏడాది శిక్ష వేసి, తిరుచిరాపల్లి జైలుకు పంపారు. నాయకుడు దూరమయ్యాడు, డబ్బూ చాలలేదు. చివరికి జనం తిరిగి ఇళ్ళకు చేరారు. అనుకున్నది అప్పటికి దక్కలేదు. అహింసతో పోరాడితే వెంటనే గెలుపు ఖాయమని ఎవరూ చెప్పలేరు. కానీ ఆయుధం పట్టని మామూలు జనం ఒక్క మాట మీద నిలబడితే ఏం చేయగలరో దేశమంతా చూసింది.

తల్లిదండ్రులు ఈ వారం పిల్లల్ని ఒక ప్రశ్న అడగండి: "ఆ 13 వేల మందిలో నువ్వూ ఉంటే ఇల్లు వదిలి వెళ్ళేవాడివా, వెళ్ళేదానివా? ఎందుకు?" జవాబు ఏదైనా ఫర్వాలేదు, కారణం మాత్రం చెప్పించండి.