కోడిగ్రుడ్డు తెల్లసొన - వాపును తగ్గించు మాంసకృత్తి

పెట్ట పొదుగుచున్న గ్రుడ్డు 21 దినములు దాని ఒంటివేడిలో ఉండును. అన్నమును అంత వేడిలో ఒక్క రాత్రి ఉంచినచో పాచిపోవును. గ్రుడ్డు పెంకులో కంటికి కనబడని రంధ్రములు వేలకొలది కలవు. పైన మట్టి, రెట్ట అంటియుండును. అయినను మంచి గ్రుడ్డు కుళ్లదు; పిల్ల చక్కగా పెరిగి వెలుపలికి వచ్చును. పెంకు, దానిక్రింది పొరలు కొంత అడ్డుపడును. వాటిని దాటివచ్చిన సూక్ష్మజీవులను తెల్లసొన ఎదుర్కొనును. తెల్లసొనలో ఈ కావలి కాయు మాంసకృత్తులలో ఒకటి లైసోజైము. దీనికి వాపును తగ్గించు గుణము కూడ ఉన్నట్లు పరిశోధనలలో తేలినది. ఆ గుణము ఎంతవరకు మనకు ఉపయోగపడునో, ఎచ్చట జాగ్రత్తపడవలెనో రైతులు తెలిసికొనుట అవసరము.

లైసోజైము అనగానేమి?

1921లో లండనులో అలెగ్జాండరు ఫ్లెమింగు అను శాస్త్రజ్ఞుడు, తనకు జలుబుగా ఉన్నపుడు ముక్కునుండి కారిన చీమిడిని సూక్ష్మజీవులు పెరుగుచున్న పళ్లెములో ఉంచి పరీక్షించెను. దాని చుట్టుగల సూక్ష్మజీవులు కరగిపోయినవి. ఇట్లు కరగించు పదార్థమునకే లైసోజైము అని పేరిడి 1922లో ప్రకటించెను. తరువాత 1928లో పెన్సిలిను కనుగొన్నది కూడ ఈయనయే. లైసోజైము మన కన్నీటిలోను, ఉమ్మిలోను, తల్లిపాలలోను కలదు. కోడిగ్రుడ్డు తెల్లసొనలో సమృద్ధిగా ఉండును. ఒక గ్రుడ్డు తెల్లసొనలో ఇది గ్రాములో పదవ వంతుకు కొంచెము ఎక్కువగా ఉండును.

సూక్ష్మజీవి చుట్టు ఒక గోడ ఉండును. లైసోజైము ఆ గోడను తెంపును. గట్టు తెగిన మడి నిలువనట్లే గోడ తెగిన సూక్ష్మజీవి పగిలి చచ్చును.

వాపుపై దీని పని

గేదెకు పొదుగువాపు వచ్చినపుడు ఆ భాగము ఎఱ్ఱబడి, వేడెక్కి, గట్టిపడి, చేయి తగులనీయదు. లోన చేరిన సూక్ష్మజీవులతో శరీరము చేయు పోరాటమే ఈ వాపు. పోరాటము మితములో ఉన్నంతవరకు మేలే. మితిమీరినచో శరీరమునకే నష్టము కలుగును.

లైసోజైము వాపును రెండు మూడు విధములుగా తగ్గించును. మొదటిది, వాపునకు కారణమైన కొన్ని సూక్ష్మజీవులను చంపుట. రెండవది, కొన్ని సూక్ష్మజీవుల పైపొరనుండి వెలువడు విషపదార్థమును అంటిపట్టుకొని దాని తీవ్రతను తగ్గించుట. మూడవది, వాపును పెంచుటకై శరీర కణములు పంపు సంకేతములను తగ్గించుట. 2009లో కెనడాలోని గ్వెల్ఫు విశ్వవిద్యాలయమువారు ప్రేగువాపు కలిగించిన పందిపిల్లలకు గ్రుడ్డు లైసోజైమును ఇచ్చి చూడగా వాటి ప్రేగులలోని వాపు తగ్గినట్లు ప్రకటించిరి.

అయితే ఇది వేరుచేసి శుద్ధిపరచిన లైసోజైముతో పశువులపై జరిగిన ప్రయోగము. మనుష్యుల వ్యాధుల విషయములో ఇంత స్పష్టముగా ఫలితము కనబడలేదు. జపానులో లైసోజైమును గొంతు, ముక్కు, ఊపిరితిత్తుల వ్యాధులకు మందుగా అనేక సంవత్సరములు వాడిరి. తిరిగి పరీక్షింపగా ఆశించిన గుణము రుజువు కానందున 2016లో ఆ మందులను ఉపసంహరించిరి.

పచ్చి తెల్లసొనను మందుగా వాడకూడదు

కాలిన బొబ్బకు, మానని పుండుకు పచ్చి తెల్లసొన పూయుట కొన్ని పల్లెలలో ఇప్పటికిని కలదు. చల్లగా ఉండుటచే మంట తగ్గినట్లు తోచును. కాని గ్రుడ్డుద్వారా వ్యాపించు సాల్మొనెల్లా అను సూక్ష్మజీవి గోడకు పైన మరియొక పొర ఉండును. లైసోజైము సాధారణముగా ఆ పొరను దాటజాలదు. కావున తెల్లసొనలో కావలి ఉన్నను ఈ సూక్ష్మజీవి బ్రతికియుండవచ్చును. చర్మము ఊడిన చోట దానిని పూయుట ప్రమాదకరము. కాలినచోట కుళాయి నీటిని 20 నిమిషములు ధారగా పోసి, శుభ్రమైన గుడ్డ కప్పి, వైద్యునివద్దకు తీసికొనిపోవలెను. ఎముక విరిగినపుడు కట్టుకు వాడు తెల్లసొన ఆరి బిగుసుకొని గుడ్డను, బద్దలను పట్టియుంచును. లోని వాపు దానివలన తగ్గునని తలపరాదు. గేదె పొదుగువాపునకు పశువైద్యుని సలహాయే శరణ్యము.

నీరసపడిన బిడ్డకు పచ్చిగ్రుడ్డు త్రాగించుట కూడ మంచిది కాదు. ఉడికించినపుడు లైసోజైము శక్తి చాలవరకు నశించుట నిజమే. కాని సాల్మొనెల్లా కూడ చచ్చును. పైగా ఉడికిన గ్రుడ్డులోని మాంసకృత్తులు పచ్చిదానికంటె బాగుగా జీర్ణమగును. గ్రుడ్డు పడనివారు లైసోజైము ఉన్న మందులను కూడ వాడరాదు.

గ్రుడ్లను కాపాడు పద్ధతి

లైసోజైమువలన రైతునకు నిశ్చయముగా దొరకు లాభము గ్రుడ్డు నిలువయుండుట. ఈ శక్తి చెడకుండ ఈ క్రింది విషయములలో శ్రద్ధ వహింపవలెను.

1. గూటిలో పొడి ఊక గాని గడ్డి గాని పరచి, తడిసినపుడెల్ల మార్చవలెను.

2. గ్రుడ్లను దినమునకు రెండు మూడు సార్లు ఏరవలెను.

3. నిలువచేయు గ్రుడ్లను కడుగరాదు. కడిగినచో పెంకుపైని సన్నని పొర పోవును. చన్నీటిలో ముంచినచో మురికినీరు రంధ్రములగుండా లోనికి పీల్చుకొనబడును. మట్టిని పొడిగుడ్డతో తుడువవలెను.

4. వెడల్పు కొన పైకి ఉండునట్లు, చల్లని నీడపట్టున ఉంచవలెను. వేడికి తెల్లసొన త్వరగా పలుచబడి, దాని కాపుదల తగ్గును.

5. తినుటకు అమ్ము గ్రుడ్లకు పుంజుతో పనిలేదు. పుంజు కలియని గ్రుడ్లు వేసవిలో ఎక్కువ దినములు నిలుచును.

6. నీటిలో వేసినపుడు అడుగున అడ్డముగా పడుకొన్నది తాజా గ్రుడ్డు. తేలినది చాల పాతది. దానిని అమ్మరాదు, తినరాదు. పగిలినదానిని కూడ విడువవలెను.

7. పచ్చసొన గట్టిపడువరకు ఉడికించి తినవలెను.

తెల్లసొన పిల్లకు కావలి, మనకు ఆహారము. పుండునకు పూయక, ఉడికించి బిడ్డలకు పెట్టుడు.