కరెంటూ, నీళ్లూ, ఫోనూ... మూడూ ఒకేసారి పోతే?

అమెరికాలో కొంతమంది ఉంటారట. లోకం తలకిందులయ్యే రోజు ఒకటి తప్పకుండా వస్తుందని నమ్మి, ఇంటి కింద నేలమాళిగ కట్టుకుని, అందులో ఏళ్లకి సరిపడా డబ్బా తిండీ, తుపాకులూ పేర్చుకుంటారు. ‘ప్రెప్పర్లు’ అంటారు వాళ్లని. 2012లో నేషనల్ జియోగ్రాఫిక్ వాళ్లు వీళ్ల మీద ఓ ధారావాహికే మొదలుపెట్టారు. ఆ మధ్య మా అబ్బాయి ఫోనులో అందులోని ముక్కలు చూపిస్తూ ఉంటే మా అత్తగారు వత్తులు చేసుకుంటూ అంతా విని, “అన్నీ బాగానే ఉన్నాయి గానీ, మంచినీళ్లు ఎక్కడ పెట్టుకున్నార్రా వీళ్లు?” అని అడిగారు.

ఆవిడ పుట్టిల్లు దివిసీమ. 1977 నవంబరు 19 నాటి ఉప్పెన కళ్లారా చూసిన మనిషి. దాదాపు పదివేల మందిని పొట్టన పెట్టుకున్న ఉప్పెన అది. ఎటు చూసినా నీళ్లే, గొంతు తడుపుకోవడానికి మాత్రం చుక్క లేదు, ఊళ్లో బావులన్నీ ఉప్పు కషాయం అయిపోయాయి అని ఇప్పటికీ చెబుతూ ఉంటారు. అందుకే ఆవిడకి ముందు నీళ్లే గుర్తొస్తాయి.

నాకూ ఆ మాటలోని నిజం తెలిసొచ్చింది. 2014 అక్టోబరు 12, ఆదివారం, హుద్‌హుద్ తుపాను మా విశాఖపట్నం మీదే తీరం దాటింది. అప్పటికి నా ఒళ్లో ఎనిమిది నెలల పిల్లాడు. గాలి ఎంత భీకరంగా వీచిందో పేపర్లలో అందరూ చదివే ఉంటారు, మళ్లీ చెప్పను. నేను చెప్పదల్చుకున్నది గాలి ఆగాక సంగతి. తెల్లారి చూస్తే కరెంటు స్తంభాలు నేలమీద ఉన్నాయి. ఫోను మోగదు. కరెంటు లేదు కాబట్టి మోటారు లేదు, మోటారు లేదు కాబట్టి మా నాలుగో అంతస్తుకి నీళ్లు లేవు. ఏటీఎంలు పనిచేయవు. పెట్రోలు బంకుల దగ్గర మైళ్ల పొడవున బళ్లు. పాల ప్యాకెట్టు రెండింతలు, మూడింతలు చెప్పారు. లోకం అంతమవలేదు. కానీ మనం ‘సంసారం’ అనుకునేదంతా ఎన్ని తీగల మీద వేలాడుతోందో ఆ ఒక్క పూటలో కనిపించింది.

నీళ్ల లెక్క

మనిషి తాగడానికీ, వంటకీ, ఒంటి శుభ్రానికీ కలిపి రోజుకి తక్కువలో తక్కువ 15 లీటర్లు కావాలని సహాయ శిబిరాలు నడిపేవాళ్లు లెక్క వేస్తారు. నలుగురున్న ఇంటికి మూడు రోజులకి 180 లీటర్లు. ఇంట్లో డ్రమ్ము ఉందా? ఉంటే నిండుగా ఉందా, లేక పాత దుప్పట్లు పెట్టుకున్నారా? తుపాను కబురు వినగానే బిందెలూ, బకెట్లూ, ఆఖరికి కుక్కరు గిన్నెలు కూడా నింపిపెట్టమనేది మా అత్తగారి శాసనం.

తాగే నీళ్ల సంగతి ఎలాగోలా గడుస్తుంది. అసలు చిక్కు ఎక్కడో ఆడవాళ్లందరికీ తెలుసు, ఎవరూ రాయరు. మరుగుదొడ్డి! ఫ్లష్ ఒక్కసారి నొక్కితే బకెట్టు నీళ్లు పోతాయి. నీళ్లు నాలుగంతస్తులు మోసుకొచ్చే ఇంట్లో అదెంత ఖరీదో ఊహించండి. బియ్యం కడిగిన నీళ్లు గిన్నెలు తోమడానికి, అవే నీళ్లు తర్వాత దొడ్లోకి. పిల్లాడి గుడ్డలు ఉతికిన నీళ్లూ అంతే. ఆ వారం రోజులూ మా ఇంట్లో ఒక్క నీటిచుక్కా ఒకే పనికి పోలేదు.

మరి ఆ నీళ్లు ఎక్కడివి అంటారా? మా వీధి చివర పాత పెంకుటింట్లో ఓ పెద్దావిడ ఒక్కర్తే ఉండేవారు. ఆవిడ పెరట్లో నుయ్యి. దోమలు పెరుగుతున్నాయి, పూడ్పించండి అని వీధిలోవాళ్లం అంతకుముందే రెండుసార్లు ఆవిడ మీదికి వెళ్లాం. సోమవారం పొద్దున్న ఆవిడ గేటు బార్లా తీసి, చేద బయట పెట్టి, పీట వేసుకుని కూర్చున్నారు. ఇంటికి రెండు బిందెలు, చంటిపిల్లలున్నవాళ్లు ముందు. నలభై ఇళ్లు ఆ నూతి మీద బతికాయి.

రెండో రోజు ఓ గొడవ జరిగింది. మా వీధులు ఊడ్చే పారిశుద్ధ్య కార్మికురాలు బిందె పట్టుకుని వస్తే, వరసలో ఉన్న ఒకావిడ, “ఆమె తోడుకోవడం ఎందుకు, మనమే పోద్దాం” అంది. మెత్తగానే అంది. అర్థం అందరికీ తెలిసింది. నూతి పెద్దావిడ కుర్చీపీట మీంచి లేవను కూడా లేదు. “చేద ఆ అమ్మాయి చేతికివ్వండి. ఇష్టం లేనివాళ్లు సముద్రానికి వెళ్లండి, బోలెడు నీళ్లు” అన్నారు. ఎవరూ వెళ్లలేదు. కష్టం వస్తే జనమంతా ఒక్కటైపోతారని కథల్లో రాస్తూ ఉంటాం, నేనూ రాశాను. కానీ ఆవేళ ఆ మాట అనడానికి ఆ మనిషి లేకపోతే వరస ఎలా నడిచేదో నేను చెప్పలేను.

కుండలో ఇన్సులిన్

మా అత్తగారికి పంచదార జబ్బు. ఫ్రిజ్ ఆగిపోయాక ఇన్సులిన్ సీసాల గురించి నాకు పట్టుకున్న దిగులు అంతా ఇంతా కాదు. మా డాక్టరమ్మ అంతకుముందే ఓ ఉపాయం చెప్పి ఉన్నారు. పెద్ద కుండలో ఇసుక పోసి బాగా తడపాలి. అందులో చిన్న కుండ దింపాలి. సీసాలు నీళ్లు చొరని ప్లాస్టిక్ కవరులో చుట్టి చిన్న కుండలో పెట్టి, మూత వేసి, మీద తడిగుడ్డ కప్పాలి. నీడలో, గాలి తగిలేచోట ఉంచి ఇసుక ఆరకుండా చూసుకోవాలి. మంచుగడ్డల మీద నేరుగా పెట్టకూడదు, ఒకసారి గడ్డకట్టిన ఇన్సులిన్ పనికిరాదు. ఈ కుండ ఏర్పాటు ఇంట్లో ఇప్పటికీ ఉంది. బీపీ, థైరాయిడ్, ఉబ్బసం మందులు వాడేవాళ్లు ఎప్పుడూ పదిహేను రోజుల మందులు అదనంగా ఉంచుకోవడం మంచిది. నెలసరి గుడ్డలు, పిల్లల పాలపొడి కూడా ఈ జాబితాలోవే. మగవాళ్లు సరుకులు తెస్తే ఇవి రావు!

విరేచనాలు పట్టుకుంటే ప్యాకెట్టు కోసం వెతుక్కోనక్కర్లేదు. కాచి చల్లార్చిన లీటరు నీళ్లలో ఆరు చెంచాల పంచదార, అరచెంచా ఉప్పు కలిపితే చాలు. చెంచా అంటే టీ చెంచా, తలగొట్టి. ఉప్పు ఎక్కువైతే పసిపిల్లలకి ప్రమాదం.

తిండి గురించి మనకి ఒకరు చెప్పాలా? ఊరగాయ జాడీలు, వడియాలు, చల్ల మిరపకాయలు, కందిపొడి, అటుకులు, బెల్లం... మన అమ్మమ్మల అటక చూస్తే ఆ ప్రెప్పర్లు సిగ్గుపడాలి. బియ్యంలో ఎండిన వేపాకు వేసుకుంటే పురుగు బాధ తక్కువ. ఒక్క మాట మాత్రం మరిచిపోవద్దు. మిక్సీ లేని రోజు ఇడ్లీ లేదు, పచ్చడి లేదు. చిన్న రోలు ఒకటి ఉంచుకోండి. గ్యాస్ బండ రెండోది నిండుగా ఉండాలి. బొగ్గుల కుంపటి గానీ జనరేటర్ గానీ తలుపులు మూసిన గదిలో పెట్టకండి. ఆ విషవాయువుకి వాసన ఉండదు, నిద్రలోనే ప్రాణం తీస్తుంది.

పోపులపెట్టెలో చిల్లర

హుద్‌హుద్‌లో ఏటీఎం ఆగితే మా వీధిని ఆదుకున్నది పోపులపెట్టెల్లోని డబ్బే. 2016 నవంబరు 8న పెద్దనోట్లు రద్దయినప్పుడు ఆ దాపరికాలన్నీ మొగుళ్ల ముందు బయటపడ్డాయి, అది వేరే సంగతి. ఇప్పుడు కొత్తిమీర కట్టకి కూడా ఫోను చూపిస్తున్నాం. నెట్‌వర్క్ పోతే ఖాతాలో లక్షలున్నా కొత్తిమీర రాదు. ఓ మూడు నాలుగు వేలు, అన్నీ పదులూ, యాభైలూ, వందలూ, ఇంట్లో ఉండాలి. ఐదువందల నోటుకి ఆ రోజుల్లో చిల్లర ఇచ్చేవాడు దొరకడు. ముఖ్యమైన ఫోను నంబర్లు ఓ కాగితం మీద రాసుకోండి. మీవారి నంబరు మీకు చూడకుండా చెప్పడం వచ్చా?

2024 సెప్టెంబరు 1న బుడమేరు పొంగి విజయవాడ సింగ్ నగర్, పాయకాపురం ప్రాంతాలు మునిగినప్పుడు డ్రోన్లతో తిండి పొట్లాలు జారవిడిచారు. మా చిన్నాడబిడ్డ వాళ్లు అక్కడే. కింద ఇంటి బీరువాలో దస్తావేజులు, పిల్లల సర్టిఫికెట్లు ముద్దయిపోయాయి. అప్పట్నించీ మా ఇంట్లో అవన్నీ జిప్పున్న ప్లాస్టిక్ సంచిలో, చేతికందేచోట ఉంటాయి. బ్యాటరీ రేడియో, టార్చి, విజిల్ కూడా ఆ పక్కనే.

ఇదంతా దాచిపెట్టడం కాదా అని అడిగేవాళ్లున్నారు. 2020 మార్చిలో లాక్‌డౌన్ ప్రకటించిన రాత్రి కొట్ల మీద పడి ఇంటికి యాభై కిలోల చొప్పున ఎత్తుకెళ్లినవాళ్లని చూశాం. కూలి డబ్బు చేతికొచ్చాకే కొనుక్కునేవాళ్లకి మర్నాడు కొట్లో ఏం మిగుల్తుంది? నెలనెలా ఓ కిలో ఎక్కువ తెచ్చుకుని పాతది ముందు వాడుకుంటూ పోతే ఎవరి నోటి దగ్గర కూడూ లాక్కున్నట్టు కాదు. కబురు వచ్చాక పరిగెత్తడంలోనే ఉంది తప్పంతా.

ఆ నుయ్యి ఇప్పుడు లేదు. పెద్దావిడ పోయాక పిల్లలు స్థలాన్ని బిల్డరుకిచ్చారు. అక్కడ ఐదంతస్తుల అపార్టుమెంటు లేచింది. ఇప్పుడు వీధి మొత్తం మీద కరెంటు లేకుండా నీళ్లిచ్చే చోటు ఒక్కటీ లేదు. మా బిల్డింగు బోరుకి పక్కనే ఓ చేతిపంపు బిగించుకుందామని, గేటు బయటివాళ్లు కూడా పట్టుకునేలా పెడదామని రెండేళ్లుగా అంటున్నాం. బయటివాళ్లకెందుకని ఇద్దరు ఓనర్లు అడ్డుపడుతున్నారు. మీటింగులకి ఇంతకాలం మగవాళ్లే వెళ్లేవారు. వచ్చే ఆదివారం మీటింగుకి మేం పదకొండు మందిమి వెళ్తున్నాం. మా అత్తగారు కుర్చీ వేయించమని ఇప్పట్నుంచే చెబుతున్నారు.